బావ కారు అద్దం

దయ్యాలున్నాయా అని ఎవరైనా అడిగితే నేను వాళ్లకు మా షెడ్డు చూపిస్తాను. జగిత్యాలలో ఇరవై రెండేళ్లుగా కార్ల గ్లాసులు బిగించే పని చేస్తున్నాను. ప్రమాదంలో నుజ్జయిన బండ్లు ముందు పోలీసు స్టేషనుకు పోతాయి, తర్వాత మెకానిక్ దగ్గరికి, ఆఖరున నా దగ్గరికి వస్తాయి. సీట్ల సందుల్లో ఇరుక్కున్న గాజు పెంకులు, వాటితో పాటు ఇంకేమేం ఇరుక్కుని ఉంటాయో అవన్నీ నా చేతులతోనే తీసి తుడిచాను. మనిషి పోయిన చోట ఆత్మ తిరుగుతుందన్న మాట నిజమైతే నా షెడ్డులో నిలబడటానికి చోటు ఉండకూడదు. ఇన్నేళ్లలో ఒక్కటీ ఎదురు పడలేదు.

అందుకే కారు లోపలి అద్దానికి నిమ్మకాయలు, నల్లదారాలు, బొమ్మ చెప్పులు వేలాడదీసుకుని వచ్చే డ్రైవర్లతో నాకు ఎప్పుడూ తగాదానే. ఆ బరువుకు అద్దం ఊడుతుంది. ఊడితే పని బాగా చేయలేదని నా మీద పడతారు. తీసేయమంటే దిష్టి తగులుతుందంటారు. తగిలితే నాకు తగలనీ అని నేనే తెంపి పారేసిన రోజులున్నాయి. నా భార్య సుజాత నన్ను మొండిఘటం అంటుంది. కాదని నేనెప్పుడూ అనలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, రాయబోయేది చదివి నన్ను పిరికివాడి కింద జమ కట్టొద్దని. ఇది పట్టపగలు జరిగింది. నేను మందు ముట్టను. నా పక్కన ఇంకో మనిషి ఉంది, ఆమె కూడా చూసింది. జరిగింది జరిగినట్టు రాస్తాను, ఆపైన ఎవరేమనుకున్నా సరే.

మా అక్క పద్మను కోరుట్లలో ఇచ్చారు. బావ పేరు గంగరాజం. మస్కట్‌లో తొమ్మిదేళ్లు ఎవరిదో బండి నడిపి, ఇక చాలనుకుని తిరిగొచ్చి, సొంతంగా ఒక తెల్ల కారు కొనుక్కున్నాడు. మా వైపు నుంచి గల్ఫ్ పోయేవాళ్లను శంషాబాద్ విమానాశ్రయంలో దింపి రావడం అతని పని. మా దగ్గర మనిషి దేశం పోతున్నాడంటే ఒక్కడే పోడు. భార్య, తల్లి, ఒక్కోసారి చంటిపిల్లలు కూడా అదే కారులో అక్కడి దాకా పోయి సాగనంపి వస్తారు. పదకొండేళ్లు బావ ఆ దారి మీదే తిరిగాడు.

బావ పొడుగు మనిషి, మాట తక్కువ. నేనేమో నోరు ఊరుకోని వాణ్ణి. ఇద్దరి మధ్యా ప్రేమ లేదని కాదు గానీ, కూర్చుని కష్టసుఖాలు చెప్పుకున్నది ఎప్పుడూ లేదు. షెడ్డుకు వచ్చేవాడు, చాయ్ తాగేవాడు, బండికి ఏం చేయాలో చెప్పేవాడు, పోయేవాడు. ఒక్క విషయంలో మాత్రం నేను అతన్ని ఆట పట్టించేవాణ్ణి. అతని కారులో లోపలి అద్దం మెడ, అంటే దాన్ని అటూ ఇటూ తిప్పే కీలు, ఏడాది తిరక్కుండానే వదులైపోయేది. మామూలుగా ఎవరైనా ఆ అద్దాన్ని ఒకసారి సర్దుకుంటే నెలల తరబడి ముట్టుకోరు. బావ అద్దం నిలబడలేక కిందికి వాలిపోయేది. పొద్దంతా అందులో మొఖం చూసుకుంటున్నావా బావా అని వెక్కిరించేవాణ్ణి. నవ్వేవాడు. నేను కొత్తది బిగించి పంపేవాణ్ణి.

నిరుడు ఎండాకాలం మొదట్లో, ఒక పొద్దున బావ శంషాబాద్ నుంచి ఇల్లు చేరాడు. చాయ్ తాగి, అరగంట ఒరుగుతానని మంచమెక్కాడు. అక్క పది గంటలకు లేపితే లేవలేదు. గుండె ఆగిందన్నారు. యాభై కూడా నిండలేదు.

అక్క ఏడవలేదు.

మా వైపు ఆడవాళ్ల ఏడుపు తెలిసినవాళ్లకు ఈ మాట ఎంత పెద్దదో అర్థమవుతుంది. చనిపోయిన మనిషి కాళ్ల దగ్గర కూర్చుని, అతని గుణాలూ అతను చేసిన పనులూ ఒక్కొక్కటే ఎత్తి చెబుతూ శోకం పెడతారు. అక్క మాత్రం వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇస్తూ తిరిగింది. ముసలవ్వలు ఆమె భుజాలు పట్టుకుని కూర్చోబెట్టి, ఏడువు బిడ్డా, కడుపుల పెట్టుకోకు అని బతిమాలారు. కూర్చోమంటే కూర్చుంది. కళ్లు తడవలేదు. పదకొండో రోజుకు చుట్టాల్లో గుసగుసలు మొదలయ్యాయి. మొగుడు పోతే కన్నీటి చుక్క రాలని మనిషి అని ఒకామె నా చెవిన పడేటట్టే అంది. ఆమెతో నేను ఇప్పటికీ మాట్లాడను.

ఆ తర్వాత అక్క ఎండిపోవడం మొదలుపెట్టింది. వేరే మాట దొరకడం లేదు. పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. ఆమె చిన్నప్పటి నుంచి బీడీలు చేస్తుంది. కబుర్లు చెబుతూ, చేతుల వంక చూడకుండానే చుట్టేస్తుంది. ఇప్పుడు ఒళ్లో చాట పెట్టుకుని, కత్తిరించిన తునికాకు చేతిలో పట్టుకుని గంటలు గంటలు అలాగే ఉండిపోయేది. సాయంత్రానికి చాటలో పది బీడీలు కూడా ఉండేవి కావు. జగిత్యాలలో డాక్టరుకు చూపించాం. మందులు రాసి, ఆమె ఒక్కసారి మనసారా ఏడిస్తే మంచిదని చెప్పాడు. అది మాకూ తెలుసు. ఎలా ఏడిపించాలో డాక్టరు చెప్పలేదు.

మేం చేయగలిగింది ఒకటే అనుకున్నాం, ఆమెను ఒంటరిగా వదలకూడదని. నేనో, సుజాతో, అక్క బిడ్డ స్రవంతో, పక్కింటివాళ్లో, ఎవరో ఒకరు ఎప్పుడూ ఆమె ఎదురుగా ఉండేవాళ్లం. రాత్రి కూడా పక్కన ఒక మనిషి పడుకునేది. తింటుంటే చూశాం, తినకపోతే చూశాం. బావను తలచుకుందేమో, కన్ను చెమ్మగిల్లిందేమో అని ఆమె మొఖంలోకే చూస్తూ కూర్చున్నాం. అది ప్రేమ అనుకున్నాం. ప్రేమే కూడా.

రెండు నెలలయ్యాక ఒక మధ్యాహ్నం అక్క కనబడలేదు. కాపలా ఉన్న పక్కింటామె కునుకు తీసిన పావుగంటలో లేచిపోయింది. బజారంతా వెతికి చివరకు ఇంటి ముందు ఆగి ఉన్న బావ కారులోనే చూశారు. వెనక సీట్లో, తలుపులన్నీ మూసుకుని కూర్చుంది. మా దగ్గర ఆ నెలలో ఎండ ఎట్లుంటుందో చెప్పక్కర్లేదు. బయటికి లాగేసరికి చీరంతా చెమటకు తడిసి ముద్దయింది, పెదవులు పగిలిపోయాయి. ఇంకో పావుగంట ఆగితే ఆమె కూడా మాకు దక్కేది కాదు. ఆమె ఒళ్లో కారు లోపలి అద్దం ఉంది.

నేను ఆదరాబాదరాగా చేరుకునేసరికి మంచం మీద పడుకుని ఉంది. నన్ను చూసి, రెండు వారాల్లో తనంతట తానుగా అన్న మొదటి మాట అంది.

"అద్దం ఊడింది తమ్మీ. అంటుపెట్టు."

అద్దం ఊడటంలో వింతేమీ లేదు. ముందు గ్లాసుకు లోపలి వైపు గోరంత ఇనుప బిళ్ళ ఒకటి అంటించి ఉంటుంది. అద్దం కాడను ఆ బిళ్ళకు తగిలిస్తారు. మూసిన బండి రెండు నెలలు ఎండలో నిలబడితే జిగురు సడలి, బిళ్ళతో సహా ఊడి సీటు మీద పడుతుంది. ఎండాకాలంలో వారానికొకటి నా దగ్గరికి వస్తూనే ఉంటుంది.

ఆ సాయంత్రమే అంటించాను. తప్పు కూడా చేశాను. బిళ్ళ అంటించాక అద్దాన్ని ఒక రోజు దాకా తగిలించకూడదు. ఈ మాట నేను కనీసం వెయ్యి మందికి చెప్పి ఉంటాను, వినని వాళ్లను తిట్టి ఉంటాను. కానీ అక్క వచ్చి కారు పక్కన నిలబడింది. పెట్టు తమ్మీ అంది. రేపటి దాకా ఆగాలక్కా అని ఆ మొఖం చూసి చెప్పలేకపోయాను. పావుగంటకే తగిలించాను. తెల్లారేసరికి మళ్లీ ఊడి కింద పడింది. ఇందులోనూ వింత లేదు, నా తొందర తప్ప.

ఇక లాభం లేదని స్రవంతి తల్లిని తన దగ్గరికి సిరిసిల్ల తీసుకుపోతానంది. స్రవంతి అక్కడ బట్టలు కుట్టే కంపెనీలో పనిచేస్తుంది, అల్లుడు మరమగ్గాలు నడుపుతాడు. ఆమెకు వెంటనే సెలవు దొరకలేదు. వచ్చే ఆదివారం నేనే అక్కను తీసుకొచ్చి దింపుతానని చెప్పాను. బస్సులో వద్దనుకున్నాం, మధ్యలో ఎక్కడైనా దిగిపోతుందేమోనని. బావ కారులోనే పోదామంది సుజాత. అక్క కాదనలేదు, అవుననలేదు.

ముందు రోజే, శనివారం పొద్దున, నేనూ సుజాతా కోరుట్ల పోయాం. ఈసారి పని పద్ధతిగా చేశాను. పాత జిగురంతా బ్లేడుతో గీకి, స్పిరిటుతో రెండుసార్లు తుడిచాను. బయటి నుంచి సబ్బు ముక్కతో గుర్తు పెట్టుకుని, బిళ్ళను అంటించి, నిమిషం పైగా బొటనవేలితో నొక్కి పట్టుకున్నాను. ఆ రోజంతా ముట్టుకోలేదు. పాత అద్దం మెడ ఎప్పటిలాగే వదులుగా ఉంది కాబట్టి షెడ్డు నుంచి కొత్తది తెచ్చాను. పాతదాన్ని అక్క తీసుకుని తన సంచిలో బట్టల మధ్య పెట్టుకుంది.

ఆదివారం పొద్దున అద్దం తగిలించాను. కొత్త అద్దం మెడ ఎంత బిగువుగా ఉందంటే, ఒక చేత్తో కాడ పట్టుకుని రెండో చేత్తో బలంగా నెడితేనే కదిలింది. ఇది గుర్తు పెట్టుకోవాలి. ఒక్క వేలితో కదిలే అద్దం కాదది.

డ్రైవరు అద్దంలో చూడాల్సింది వెనక గ్లాసు, దాని అవతల వచ్చే బండ్లు. నేను అలా పెట్టలేదు. వెనక సీట్లో కూర్చున్న అక్క మొఖం పూర్తిగా కనబడేటట్టు పెట్టాను. వెనక తలుపులు లోపలి నుంచి తెరుచుకోకుండా పిల్లల లాకు కూడా వేశాను. దారి పొడుగునా ఆమె మీద కన్నేసి ఉంచు అని సుజాత చెప్పింది. చెప్పకపోయినా అదే చేసేవాణ్ణి.

పదింటికి బయల్దేరాం. నేను స్టీరింగు దగ్గర, సుజాత నా పక్కన, అక్క వెనక ఒక్కతే, ఒళ్లో సంచితో. జగిత్యాల వైపు కాకుండా కథలాపూర్, రుద్రంగి మీదుగా వేములవాడ దారి పట్టాను. రోడ్డు మీద పెద్దగా బండ్లు లేవు. నిమిషానికోసారి అద్దంలో అక్కను చూస్తున్నాను. ఆమె కిటికీ బయటికి చూస్తోంది. కళ్లు పొడిగా, ఎవరూ లేని ఇంటి కిటికీల్లా ఉన్నాయి. సుజాత ఏవేవో చెబుతోంది. స్రవంతి ఇంటి దగ్గర కూరగాయలు బాగా దొరుకుతాయనీ, అల్లుడు నెమ్మదస్తుడనీ. ఎవరూ వినడం లేదు.

కథలాపూర్ దాటాక మళ్లీ అద్దంలోకి చూస్తే అక్క కనబడలేదు. కారు పైకప్పుకు అంటించిన గుడ్డ, మధ్యలో చిన్న లైటు కనబడ్డాయి. గిరుక్కున వెనక్కి తిరిగి చూశాను. అక్క తన చోటులోనే ఉంది. అద్దమే పైకి తిరిగి ఉంది.

నువ్వు ముట్టుకున్నావా అని సుజాతను అడిగాను. నేనెందుకు ముట్టుకుంట అంది. నిజమే, ఆమె సీటు బెల్టుతో కూర్చుంది, ఆ అద్దం తిప్పాలంటే ముందుకు వంగి రెండు చేతులూ పెట్టాలి. బండి పక్కకు ఆపి, మళ్లీ అక్క మొఖానికి సరిగ్గా పెట్టి, కదిలించి చూశాను. బిగువుగానే ఉంది. కొత్త మాల్ నాసిరకం తయారైందని ఎవరినో తిట్టుకుని బండి పోనిచ్చాను.

రుద్రంగి ఇంకా రాకముందే రెండోసారి తిరిగింది. ఈసారి నేను రోడ్డు మీదున్న గేదెలను తప్పించి చూసేసరికి పైకప్పు కనబడుతోంది. మళ్లీ ఆపాను. డిక్కీలో నుంచి స్క్రూ డ్రైవరు తెచ్చి మెడ దగ్గరి మరను ఇంకా బిగించాను. బిళ్ళను లాగి చూశాను, రాయిలా ఉంది. చెమటలు పోస్తున్నాయి, కోపం వస్తోంది. ఇరవై రెండేళ్ల పనితనం ఈ పూట నన్ను చూసి నవ్వుతున్నట్టు అనిపించింది. సుజాత నా వైపు ఒక రకంగా చూసింది. వెనక అక్క ఎందుకాగినవని కూడా అడగలేదు.

పనివాడిగా ఇక్కడ ఒక మాట చెప్పాలి. వదులైన అద్దం గుంతల్లో బండి ఊగితే దాని బరువుకు అది కిందికి వాలుతుంది. ఇన్నేళ్లలో కొన్ని వందల అద్దాలు అలా వాలిపోవడం చూశాను. తనంతట తాను పైకి లేచిన అద్దాన్ని నేను చూడలేదు, చూశానన్న వాడు కూడా నాకు తెలియదు.

మూడోసారి మేమిద్దరం చూశాం. రుద్రంగి దాటి, గుట్టల పక్కన రోడ్డు కొంచెం దూరం సాఫీగా ఉంటుంది. బండి నలభైలో పోతోంది. నా రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి. సుజాత చేతులు ఆమె ఒళ్లో ఉన్నాయి. అద్దంలో ముందు అక్క నుదురు ఉంది, తర్వాత జుట్టు, తర్వాత వెనక గ్లాసు పై అంచు, ఆ తర్వాత పైకప్పు. ఎవరో తొందర లేకుండా, అలవాటైన చేత్తో తిప్పినట్టు నెమ్మదిగా తిరిగి, అక్కడ ఆగింది. చప్పుడు లేదు. సుజాత నా మోచేయి గట్టిగా పట్టుకుంది. ఆమె వేళ్ల గుర్తులు సాయంత్రం దాకా ఉన్నాయి.

బండి ఆపడానికి బ్రేకు మీద కాలు పెట్టాను. ఎడమ చేయి అద్దం వైపు ఎత్తాను. అప్పుడే వెనక నుంచి ఆ శబ్దం వచ్చింది.

ముందు అది ఏడుపని నాకు తెలియలేదు. గొంతులో ఏదో అడ్డం పడినట్టు, ఊపిరి ఆడనట్టు వచ్చింది. రెండోసారి వచ్చినప్పుడు తెలిసింది. తర్వాత ఇక ఆగలేదు. నా చేయి గాల్లోనే ఉంది. సుజాత వెనక్కి తిరగబోయింది. ఎందుకో నాకే తెలియదు, ఎత్తిన చేయి ఆమె భుజం మీద వేసి తిరగొద్దని ఆపాను. చేయి మళ్లీ స్టీరింగు మీద పెట్టి, బ్రేకు మీది నుంచి కాలు తీసి, రోడ్డు చూస్తూ మెల్లగా నడిపాను.

అక్క శోకం పెట్టింది. రెండు నెలల కింద బావ కాళ్ల దగ్గర కూర్చుని అనాల్సిన మాటలన్నీ అప్పుడు అంది. చాయ్ తాగి ఇంకొంచెం పొయ్యమని అడగలేదేమని తిట్టింది. తొమ్మిదేళ్లు ఎదురుచూసిన దాన్ని మళ్లీ ఎదురుచూడమంటావా అని అడిగింది. అన్నీ రాయడం నాకు చేతకాదు, రాయకూడదు కూడా. ఒక్క మాట మాత్రం చెవిలో నిలబడిపోయింది.

"గింతమందిని ఇమానం ఎక్కిచ్చి అస్తివి. నువ్వు పోయేటప్పుడు నేను దర్వాజ దాంక గూడ రాకపోతినయ్యా."

నేను కూడా ఏడ్చాను. సుజాత కూడా. ముగ్గురం ఒకే కారులో, ఎవరి మొఖం ఎవరూ చూడకుండా, చందుర్తి దాటి వేములవాడ దగ్గరికి వచ్చేదాకా ఏడ్చాం. పక్క అద్దాలతోనే బండి నడిపాను.

వేములవాడ రాబోతుండగా వెనక ఏడుపు ఆగింది. అక్క ముక్కు తుడుచుకుని, సుజాతా, ఆకలైతుంది అంది. రెండు నెలల్లో ఆమె నోట ఆకలి అన్న మాట విన్నది అదే. రోడ్డు పక్క హోటల్లో ఇడ్లీ పెట్టించాం. రెండో ప్లేటు తనే అడిగింది. మేమిద్దరం తినలేదు, ఆమె తింటుంటే చూడకుండా ఉండటానికి బల్ల మీది నీళ్ల గ్లాసుల వైపు చూస్తూ కూర్చున్నాం.

సిరిసిల్ల చేరి అక్కను లోపలికి పంపాక నేను చేసిన మొదటి పని మళ్లీ కారులోకి పోయి ఆ అద్దం పట్టుకోవడం. ఒక్క వేలితో నెట్టాను. కదల్లేదు. ఒక చేత్తో నెట్టాను. కదల్లేదు. రెండు చేతులూ పెట్టి బలం చేస్తే కొంచెం కదిలింది. బండి స్టార్టు చేసి, ఇంజను గట్టిగా రేస్ చేసి చూశాను. అటు ఇటు పది గజాలు నడిపి బ్రేకులు కొట్టాను. పక్క ఇళ్లలో మగ్గాల చప్పుడుకు నేలంతా అదురుతూ ఉంటుంది అక్కడ. అద్దం మాత్రం వెంట్రుక మందం జరగలేదు.

అన్నం తిన్నాక మేం తిరుగు ప్రయాణమయ్యాం. అక్క మమ్మల్ని పంపడానికి కారు దాకా వచ్చింది. మొఖం వాచిపోయి ఉంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. కానీ ఆ కళ్లలో మనిషి ఉంది. కిటికీ దగ్గర వంగి నాతో అంది.

"తమ్మీ, అద్దం మీదికి తిప్పి మంచి పని చేసినవ్. నువ్వు తిప్పినంక నాకు పానం అల్కగైంది, బరువు దిగినట్టైంది."

నేను తిప్పలేదని చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె ఆగలేదు. బావ సంగతి చెప్పుకుపోయింది. విమానాశ్రయంలో మనిషిని దింపి తిరిగొచ్చేటప్పుడు ఆడవాళ్లు వెనక సీట్లో కూర్చుంటారట. పరాయి మగవాడు అద్దంలో చూస్తున్నాడని ఏడుపు మింగుకుంటారట. అలా మింగుకున్న ఆడవాళ్లు ఇంటికి పోయి జ్వరాలు తెచ్చుకుంటారని బావకు తెలుసట. అందుకని పట్నం దాటగానే ఏమీ అనకుండా అద్దాన్ని పైకప్పుకు తిప్పేసేవాడట.

"అద్దం మీదికి తిప్పితె సిద్దిపేట రాకముందే ఏడుస్తరట. ఏడ్సి ఏడ్సి పండుకుంటరు. ఇంట్ల దిగి పిల్లలకు మంచిగ కనపడ్తరు అంటుండె. మొగోళ్లకు చెప్పుకునే ముచ్చట గాదిది, ఎవలకు చెప్పకు అన్నడు నాతోని. నీకెప్పుడు చెప్పిండు?"

సుజాత నా వైపు చూసింది. అద్దం మెడ ఏడాదికొకటి ఎందుకు అరిగిపోయేదో ఆ నిమిషంలో నాకు అర్థమైంది. పదకొండేళ్లలో ఎందరు ఆడవాళ్ల కోసం దాన్ని పైకి తిప్పాడో, మళ్లీ కిందికి దించాడో. నేనేమో మొఖం చూసుకుంటున్నావా అని వెక్కిరించాను. ఒక్కసారైనా నిజంగా అడిగి ఉంటే చెప్పేవాడేమో. ఇంకోటి కూడా అర్థమైంది, అది ఇప్పటికీ నన్ను తింటోంది. రెండు నెలలు అక్కను మేమే ఏడవనివ్వలేదు. ఒక్క గడియ కూడా మొఖం తిప్పుకోకుండా ఎదురుగా కూర్చున్నాం. ఆ కారులో కూడా ఆమె మొఖానికి అద్దం పెట్టింది నేనే.

"ఎప్పుడో చెప్పిండక్కా" అన్నాను.

ఆమె తలూపింది. చెప్పే ఉంటడు, నువ్వంటె పానం ఆయనకు అని, నా తల నిమిరి లోపలికి పోయింది.

వచ్చేటప్పుడు అదే దారిలో వచ్చాం. అవే గుంతలు, అదే వేగం. కోరుట్ల మీదుగా జగిత్యాల చేరేదాకా అద్దం కదల్లేదు. ఆ కారును తర్వాత నాలుగు నెలలు నేనే నడిపాను. ఒక్కసారి కూడా కదల్లేదు. చివరకు ఊడదీసి, మెడ విప్పి, లోపలి గుండు, స్ప్రింగు అన్నీ బల్ల మీద పరిచి చూశాను. కొత్తవి కొత్తగానే ఉన్నాయి. తెలిసిన ఇద్దరు పనివాళ్లకు చూపించాను, ఎందుకని చెప్పకుండా. ఒకడు ఎండకు లోహం సాగుతుందన్నాడు. సాగితే వదులవుతుంది, వదులైతే వాలుతుంది, పైకెట్లా లేస్తుందని అడిగాను. వాడు స్ప్రింగును అటూ ఇటూ తిప్పి చూసి నా చేతిలో పెట్టేశాడు. రెండోవాడు నన్ను వింతగా చూసి, అన్నా, మంచిగ నిద్రపోతున్నవా అన్నాడు.

సుజాత దగ్గర జవాబుంది. ఆమెకు అనుమానమే లేదు. ఇప్పుడేమంటవ్ అని అప్పుడప్పుడు నన్ను గిల్లుతుంది. దయ్యాలను నమ్ముతున్నానా అంటే నమ్మడం లేదు. మా షెడ్డులో ఈరోజుకీ ఏమీ లేదు. కానీ ఆ రోజు రుద్రంగి దాటాక నా కళ్లతో చూసింది లేదని కూడా అనలేను.

అక్క ఇప్పుడు బాగానే ఉంది. సిరిసిల్లలో మళ్లీ బీడీలు చేస్తోంది. ఎవరొచ్చినా, మా తమ్ముడు నోటి దురుసు గాని మనసు మంచిది అని మొదలుపెట్టి, అద్దం సంగతి చెబుతుందట. బావ తనకొక్కదానికే చెప్పిన మాట తమ్ముడికి కూడా చెప్పుకున్నాడని ఆమెకు ఎంతో సంతోషం. ఆ సంతోషాన్ని చెడగొట్టే ధైర్యం నాకు లేదు.

నేను అక్కతో ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. ఆ రోజు బావ చెప్పాడని అన్నది అబద్ధమేనని కొన్నాళ్లు బాధపడ్డాను. ఇప్పుడు అది కూడా తేలడం లేదు. బావ బతికుండగా నాకు చెప్పలేదు, అది ఖాయం. నాకు చెప్పనే లేదని మాత్రం ఒట్టేసి అనలేకపోతున్నాను.